చల్లబడిన పొగగొట్టం

ఫ్యాక్టరీ పొగగొట్టంలో గ్యాసు వేడి సగానికి సగం తగ్గిందనీ, ఇకపై కార్మికులకు వేసవి ఉండదనీ మంత్రిగారు ప్రకటించారు. ఈ మహత్కార్యం సాధించిన ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు ఆ వార్త టీవీలో చూసి, నోట్లోని కాఫీ మింగడం మరిచిపోయాడు.

అతను చేసిందల్లా తీగలు మార్చడం. వేడిని కొలిచే థర్మోకపుల్ సన్న తీగలు మాటిమాటికీ తెగిపోతుంటే విసుగొచ్చి, పెన్సిలంత లావువి బిగించాడు. అవి గొట్టంలోకి వేలెడైనా దిగలేదు. కొసకు తగిలిన వేడిని తగిలినట్టే గోడకు మోసుకుపోతున్నాయి. గోడ కూడా వేడిదే గానీ, గ్యాసంత కాదు. దాంతో మీటరు గ్యాసు సంగతీ చెప్పదు, గోడ సంగతీ చెప్పదు. గోడ మీది పిల్లిలా మధ్యలో ఏదో అంకె చూపిస్తుంది. ఇంట్లో అమ్మకూ భార్యకూ మధ్య తను చూపించే అంకె కూడా అలాంటిదేనని ఇంజనీరుకు తెలుసు.

ఆ ప్రకటనకు ముందే అతను చీఫ్ ఇంజనీరుగారి గదికి వెళ్లి తీగల సంగతి చెప్పబోయాడు.

"తగ్గిందా లేదా?" అన్నారు చీఫ్.

"మీటర్లో తగ్గింది సార్."

"ఎందుకు తగ్గిందని మినిస్టర్‌గారు అడిగారా?"

"లేదు సార్."

"మరి మీకెందుకండీ?"

చీఫ్ రిపోర్టులో 'తగ్గింది' అని రాస్తే, మంత్రిగారి సెక్రటరీ 'బాగా తగ్గింది' అని దిద్దారు. ఉపన్యాసానికి చేరేసరికి గొట్టం నులివెచ్చన అయింది.

మంత్రిగారే స్వయంగా చూడవస్తారని తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పెయ్యమని భార్య పోరింది. అతను అద్దం ముందు నిలబడి రిహార్సల్ వేసుకున్నాడు. అద్దం ముందు అతనంతటి ధీరుడు లేడు.

గొట్టం పక్కనే పెట్టిన సభలో ఫోటోగ్రాఫర్లు మంత్రిగారిని గొట్టం మీద చెయ్యి వేయమన్నారు. మంత్రిగారు రెండడుగులు ముందుకేసి, సెగ తగలగానే ఆగిపోయారు. ఆ గౌరవం ఇంజనీరుగారిదేనంటూ ఆప్యాయంగా ముందుకు నెట్టారు. చెప్పాల్సిన మాట ఇంజనీరు నాలుక చివరిదాకా వచ్చింది. మాటకంటే ముందు చెయ్యి వెళ్లింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఆనందం పట్టలేక రెండు చేతులూ పైకెత్తి మంత్రిగారికి జై కొడుతున్న ఇంజనీరు అని కింద రాశారు.

భార్య అతని అరచేతికి కట్టు మారుస్తూ, "అప్పుడైనా నిజం చెప్పారా?" అంది.

"చెప్పే అవకాశం ఆయనే ఇచ్చారు. ఎలా ఉందయ్యా అని అడిగారు."

"మీరేమన్నారు?"

"చల్లగా ఉంది సార్ అన్నాను."