లావుది ఒకటి, సన్నది ఒకటి

ఆ రోజు పొద్దున్న చెయ్యాల్సిన పని ఒక్కటే. పెరట్లో కొత్తగా కట్టిన షెడ్డులో గచ్చు పొయ్యాలి. పోసి తీరాలి కూడా. టైలరమ్మ బజార్లో అద్దెకుంటున్న గదిని దాని యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఆరు కుట్టు మిషన్లూ, వాటి మీద కుట్టే ఆరుగురు ఆడవాళ్లూ ఈ షెడ్డులోకే రావాలి. మేస్త్రికి రేపటి నుంచి వేరే ఊళ్లో పని. అద్దెకు తెచ్చిన కాంక్రీటు మిక్సర్ సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతుంది. ఇవాళ గచ్చు పడకపోతే మళ్లీ మేస్త్రి దొరికేసరికి మిషన్లు వీధిలో ఉంటాయి.

టైలరమ్మ భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తా. వీధిలో అందరూ ఆయన్ని సర్దుబాటు అంటారు. ఆయనకు అసలు పేరు లేక కాదు, దానితో ఎవరికీ పని పడలేదు. కుర్చీ కాలు విరిగితే ఇటుక పెడతాడు, తలుపు గడియ ఊడితే గరిటె దూరుస్తాడు. ఆయన చేతిలో పడ్డ వస్తువు బాగుపడదు, పూర్తిగా చెడిపోదు కూడా, అలా నడుస్తూ ఉంటుంది. ఇసుక చాలదని మేస్త్రి వారం నుంచి మొత్తుకుంటుంటే, ఉన్నదాంతో సర్దేద్దామని అన్నది కూడా ఈయనే.

మిక్సర్ వచ్చి పెరట్లో నిలబడింది. దాని వైరు జానెడు. ప్లగ్గు చూస్తే ఇంటి ముందు హాల్లో ఉంది. సర్దుబాటు లోపలికెళ్లి టీవీ వెనక ఉన్న తెల్ల వైరూ, ఇస్త్రీ పెట్టె వైరూ, అటక మీది పాత ఫ్యాను వైరూ పట్టుకొచ్చాడు.

"ఈ మూడూ ముడేస్తే షెడ్డు దాటి పోతుంది," అన్నాడు.

మేస్త్రి ఆ తెల్ల వైరును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "సార్, ఇది టీవీ వైరు. మిక్సర్ దీన్ని నమిలి పారేస్తుంది."

టైలరమ్మ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది. ఆవిడ ఏదైనా గట్టిగా చెప్పబోయే ముందు చేసే పని అది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కరోజుకీ సర్దకండి. కొట్టుకెళ్లి, బయట కట్టుబడి పనికి వాడే గట్టి వైరు కొనుక్కురండి. ఏది కావాలో మేస్త్రిని అడిగి మరీ కొనండి."

అడిగి కొనమంది కాబట్టి అడిగే కొన్నాడు. గొడవంతా అక్కడే వచ్చింది.

వైర్ల కొట్టాయన చుట్టల మధ్య మొహం ఒక్కటే కనబడేలా కూర్చునుంటాడు. "వైరంటే ఏదో ఒక వైరు కాదండీ," అన్నాడు. "దానిమీద లోడు ఎంత పడుతుందో చెప్తే గాని ఇవ్వలేను."

సర్దుబాటు ఫోను తీసి మేస్త్రికి చేశాడు. "మేస్త్రీ, లోడు ఎంత కావాలి?"

కరెంటు తెలిసినవాళ్లకి లోడంటే మిషను లాగే కరెంటు. మేస్త్రికి లోడంటే ట్రాక్టరు నిండా ఇసుక. బుద్ధెరిగాక ఆ మాటకి ఇంకో అర్థం ఆయన వినలేదు. పైగా వారం రోజుల మొర ఇప్పటికి ఆలకించారన్న సంతోషం ఒకటి.

"ఇప్పటికైనా అడిగారు సార్. రెండైతే నిశ్చింతగా ఉంటుంది."

"రెండట," అన్నాడు సర్దుబాటు కొట్టాయనతో.

"రెండు కిలోవాట్లా? సరే. లావు వైరు ఇవ్వనా, సన్నది చాలా? దూరం పెరిగేకొద్దీ లావు పెరగాలి మరి."

"మేస్త్రీ, లావుదా, సన్నదా?"

"రెండూ కావాలి సార్. గచ్చుకి లావుది, గోడల పూతకి సన్నది. ఒకటొకటి చాలు."

"లావుది ఒకటి, సన్నది ఒకటి," అన్నాడు సర్దుబాటు. కొట్టాయన కనుబొమలు పైకి లేచాయి గాని, రెండు అమ్ముడుపోతున్నప్పుడు ఎందుకని అడిగే అలవాటు ఆయనకు లేదు.

"లోపలికా, బయటికా?"

"బయటే సార్," అన్నాడు ఫోన్లో మేస్త్రి. "లోపల ఎక్కడ పడుతుంది? సన్నది మన గేటు దగ్గర, లావుది ఎదురింటి వైపు వేయిద్దాం."

"బయటేనట. లావుది ఎదురింటి దాకా వేస్తారట."

"అంత పొడుగా," అని కొట్టాయన లోపలికెళ్లి పెద్ద చుట్ట దొర్లించుకుంటూ వచ్చాడు. "వాన పడితే ఏం చేస్తారో అది కూడా అడగండి."

"తడిస్తే మంచిదే సార్," అన్నాడు మేస్త్రి. "దుమ్ము లేవదు. వాన రాకపోతే నేనే రెండు బకెట్లు కుమ్మరిస్తా."

సర్దుబాటు ఆ మాట కూడా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. కొట్టాయన ఆ ఫోను వైపు అనుమానంగా చూశాడు. తరవాత ఆ చుట్ట పక్కన పెట్టి, దళసరి రబ్బరు తొడుగుతో, నీళ్లు దూరకుండా మూతలున్న ప్లగ్గులతో ఉన్న ఇంకో చుట్ట తెచ్చాడు. "మూడు తీగలది, ఎర్త్ ఉంది. ఇది తీసుకోండి. ఆ మేస్త్రి పని చేస్తుంటే మాత్రం మీరు దూరంగా నిలబడండి."

"మీరు ఇబ్బంది పడకండి సార్, నేను తెప్పిస్తాలే," అంటున్నాడు ఫోన్లో మేస్త్రి.

"ఇందులో ఇబ్బందేముంది? రెండూ భుజాన వేసుకుని నేనే వచ్చేస్తా."

సారుకి ఇవాళ సరదాగా ఉందనుకుని మేస్త్రి నవ్వి ఫోను పెట్టేశాడు. పెట్టేసి ట్రాక్టరాయనకి చేశాడు.

సర్దుబాటు రెండు చుట్టలూ మోసుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి రెండు ఇసుక గుట్టలు కనబడ్డాయి. ఎవరో ఇల్లు కడుతున్నారు కాబోలనుకున్నాడు. సన్న ఇసుక తన గేటు ఒక రెక్కకి ఆనించి ఉంది. లావు ఇసుక ఎదురింటి గేటుకి అడ్డంగా ఉంది. ఎదురింటాయనది డ్రైవింగు స్కూలు, ఆయన్ని అందరూ స్టీరింగ్ అంటారు. ఆయన తన కారు షెడ్డులో, కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. పక్క సీట్లో పరీక్షకి వెళ్లాల్సిన పెద్దావిడ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

టైలరమ్మ గేటు రెండో రెక్క దగ్గర నిలబడి ఉంది. "నేను కొనమంది వైరు," అంది.

"కొన్నాను. రెండు."

"మరి ఈ ఇసుకేంటి?"

"ఇసుక మాట నేనెప్పుడు ఎత్తాను?"

"అదేంటి సార్, అలా అంటారు," అన్నాడు మేస్త్రి. "లోడు ఎంతని అడిగారు, లావుదా సన్నదా అన్నారు, లోపలికా బయటికా అన్నారు."

అన్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు ఏడుపు వచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, మిక్సర్ సాయంత్రానికి వెళ్లిపోతుందని గుర్తొచ్చి రెండూ ఆపుకుంది. "అయిందేదో అయింది. ముందు ఆ లావు వైరు తగిలించండి."

ఇక్కడైనా ఆ మనిషి మాట విని ఉంటే బాగుండేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. "దీని సీలు విప్పితే కొట్టువాడు వెనక్కి తీసుకోడు. సన్నదాంతో సర్దేద్దాం," అన్నాడు సర్దుబాటు. సన్న వైరు చుట్టను కూడా పూర్తిగా విప్పలేదు, మళ్లీ చుట్టడం కష్టమట. కావలసినంత లాగి, మిగతా చుట్టను హాల్లోనే వదిలి ప్లగ్గు పెట్టాడు.

మేస్త్రి డ్రమ్ములో కంకరా ఇసుకా సిమెంటూ వేసి, నీళ్లు పోసి స్విచ్చి నొక్కాడు. మిక్సర్ మూలిగింది. కాసేపు తిరిగింది. హాల్లో చుట్ట వేడెక్కి కమురు వాసన కొట్టింది. ఆ వెంటనే మెయిన్ దగ్గర టప్పుమంది. మిక్సర్ ఆగింది, ఇంట్లో ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు ఆగింది. కరెంటాయనకి ఫోను చేస్తే, మెయిన్ కాలిపోయి ఉంటుందనీ ముట్టుకోవద్దనీ రేపొస్తాననీ చెప్పాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

డ్రమ్ములో కాంక్రీటు గట్టిపడే పనిలో ఉంది. టైలరమ్మ గేటు దాటి వెళ్లి ఇసుక గుట్ట మీద కూర్చుంది.

"నా మిషన్లు ఎక్కడ పెట్టుకోమంటారు చెప్పండి," అంది మెల్లగా. "ఆ ఆరుగురికీ నేను మాటిచ్చాను."

సర్దుబాటు వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్లలో భార్య ఆయన్ని తిట్టింది, దెప్పింది, నవ్వింది. ఇలా అడగడం ఎప్పుడూ లేదు. అడ్డం పెట్టడానికి ఇటుక గాని గరిటె గాని ఆయనకు తట్టలేదు. "తప్పు నాదే," అన్నాడు.

స్టీరింగ్ హారన్ మానేసి, ఇసుక గుట్టెక్కి అవతలికి దిగివచ్చాడు. "అమ్మా, మీ మొగుడూ పెళ్లాల సంగతి తరవాత. నా కారు ఎప్పుడు బయటికొస్తుంది?"

"ఈ లావు ఇసుక వాడేస్తే వస్తుంది సార్," అన్నాడు మేస్త్రి.

"అయితే వాడెయ్యండి."

"వాడాలంటే మిక్సర్ తిరగాలి."

"తిప్పండి."

"తిరగాలంటే కరెంటుండాలి."

స్టీరింగ్ గడియారం చూసుకున్నాడు. కారులో పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ పరీక్ష తప్పడం ఇప్పటికి మూడుసార్లయింది, నాలుగోసారి అసలు వెళ్లకుండా తప్పితే ఆయన స్కూలుకి మర్యాద దక్కదు. "నా షెడ్డులో గట్టి ప్లగ్గుంది. కార్లు కడిగే మోటారు కోసం పెట్టించింది. కాని ఇక్కడి నుంచి మీ పెరట్లోకి వచ్చేంత వైరు ఎవరి దగ్గరుంటుంది?"

అందరూ సర్దుబాటు భుజం వైపు చూశారు. లావు చుట్ట ఇంకా అక్కడే ఉంది.

సర్దుబాటు సీలు తెంపాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే చుట్టను చివరి దాకా విప్పాడు. వైరు ఎదురింటి షెడ్డులో మొదలై, వీధి దాటి, గేటు సందులోంచి దూరి మిక్సర్ దగ్గర ఇంకో రెండు మూరలు మిగిలింది. గుట్టల మధ్య నుంచి సైకిలు కూడా రాలేదు కాబట్టి దాన్ని తొక్కేవాళ్లెవరూ లేరు. మిక్సర్ మూలక్కుండా తిరిగింది. తాకి చూస్తే వైరు చల్లగా ఉంది.

స్టీరింగ్ చొక్కా చేతులు మడిచి పార అందుకున్నాడు. పెద్దావిడ కారు దిగి తట్టలు అందించింది, స్టీరింగు కంటే ఇదే సులువుగా ఉందంది. గుట్ట తరిగి కారు పట్టేంత దారి రాగానే ఇద్దరూ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పని ఆపలేదు. పొద్దు వాలేవేళకి గచ్చు లోపలి గోడ నుంచి సరిగ్గా గుమ్మం దాకా వచ్చింది. పెరట్లో పాత ఇసుక అడుగంటింది, ఎదురింటి ముందు నేల కనబడింది.

మేస్త్రి పార కడుగుతూ అన్నాడు. "ఒక మాట చెప్పనా అమ్మా? పాత ఇసుక ఒక్కటే అయితే గచ్చు షెడ్డు మధ్యలో ఆగిపోయేది. వైరు ఎంత మంచిదైనా లాభం ఉండేది కాదు."

టైలరమ్మకు కళ్లు చెమర్చాయి. తడి గచ్చు వైపు చూస్తూ, ఏ మిషను ఎక్కడ పెట్టాలో వేలితో చూపించుకుంటూ నిలబడింది.

సర్దుబాటు గొంతు సవరించుకున్నాడు. "అదంతా ఆలోచించే చేశాను. ఇసుక చాలదని నాకు ముందే తెలుసు. ఫోన్లో ఆ మాట అలా తిప్పి అడిగింది అందుకే."

మేస్త్రి ఏదో అనబోయి, కూలీ ఇంకా చేతికి రాలేదని ఊరుకున్నాడు.

"అవునండీ, మీ ముందుచూపు ఎవరికొస్తుంది," అంది టైలరమ్మ ఆప్యాయంగా. గచ్చుకి వారం పాటు పూటపూటా నీళ్లు పట్టడానికి ఆవిడకి ఒక మనిషి కావాలి.