కుంటి రెక్క పాట

శుక్రవారానికి పద్మనాభయ్యకు అరవై నిండుతాయి. బుధవారం పొద్దున ఆయన భార్య వెంకటశేషమ్మ పెట్టుకున్న పనులు మూడే మూడు. ఎనిమిదింటికల్లా వంట ముగించి ఆయన్ను రొయ్యల గుంట దగ్గరికి పంపడం ఒకటి. గుంటలో నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలుంటాయి, ఏరియేటర్లంటారు, వాటిలో ఒకదానికి రెక్క విరిగి కుంటుతూ తిరుగుతోంది. దాన్ని మార్చమని మెకానిక్ రాజ్ కుమార్‌కు ఫోన్ చేయడం రెండోది. నాలుగు నెలలుగా అతను "ఈరోజు వచ్చేస్తా అక్కా" అంటూనే ఉన్నాడు, ఆరోజూ అదే అన్నాడు. ఇక మూడోది, జాకెట్టు కొలతలని చెప్పి ఇందుకూరుపేటలో దర్జీ చోటే సాహెబ్ ఇంటికి వెళ్ళి గిటారు వాయించడం.

ఈ మూడోది పద్మనాభయ్యకు తెలియదు. తెలియకూడదనే కదా ఆమె మూడు నెలల్లో ఏడు జాకెట్లు కుట్టించింది.

ఎందుకీ గిటారంటే ముప్పై ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో పద్మనాభయ్యకు చెవుల మీదికి జుట్టుండేది. మద్రాసులో చదువు సగంలో వదిలేసి వస్తూ వస్తూ ఒక టేప్ రికార్డరు, ఒకే ఒక్క క్యాసెట్టు తెచ్చుకున్నాడు. ఆ క్యాసెట్టులో ఒక ఇంగ్లీషు పాట ఉండేది. పేరుకు రాక్ పాటే, నడక మాత్రం జాజ్ నడక. దంచినట్టు పడదు. ఒక అడుగు సాగి, మరో అడుగు తొందరపడి, కల్లు తాగినవాడు వరి గట్టు మీద పడిపోకుండా నడిచినట్టు ఉంటుంది. పెళ్ళయిన పదో రోజున, కొత్త పెళ్ళాం రోట్లో గోంగూర నూరుతుంటే, ఆమె వినాలని వసారాలో ఆ పాట పెట్టాడు. వెంకటశేషమ్మకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. అత్తగారు పక్కనే కూర్చుని ఉల్లిపాయలు వలుస్తోంది. అత్తకు నచ్చే మాట ఏదో ఒకటి అనాలి కదా అని, "ఏందండీ ఈ గోల, చెవులు పోతుండాయి, ఆపండి" అనేసింది. అత్తగారు నవ్వింది. ఆయన ఆపేశాడు.

టేప్ రికార్డరు అటకెక్కింది. ఆ తరువాత ఆయన ఇంట్లో ఒక పాట పెట్టింది లేదు, ఈల వేసింది లేదు. పోనీ కోప్పడ్డాడా అంటే అదీ లేదు. కోప్పడి ఉంటే ఆమె ఎప్పుడో మరిచిపోయేది. పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, రెండు తుఫాన్లు వచ్చి పోయాయి, వరి మడి కాస్తా రొయ్యల గుంట అయింది, ఆ ఒక్క మాట మాత్రం ఆమె గొంతులో చేప ముల్లులా అలాగే ఉండిపోయింది. తను ఆపించిన పాటను తన చేత్తోనే మళ్ళీ మొదలుపెట్టాలి, ఆయన అరవై నిండే రోజున. అదొక్కటే ఆమె కోరిక.

పాట పేరు ఆమెకు తెలియదు, రాగం మటుకు మరిచిపోలేదు. చోటే సాహెబ్ మనవరాలు సాహిరా నెల్లూరులో డిగ్రీ చదువుతూ గిటారు వాయిస్తుంది. ఒకరోజు ఆ పిల్ల కొలతలు రాసుకుంటుంటే వెంకటశేషమ్మ కూనిరాగం తీసింది. సాహిరా ఫోన్‌లో ఏవేవో నొక్కి, మూడు తప్పు పాటలు వినిపించి, నాలుగోసారి అసలుదాన్ని పట్టుకుంది. ఆ సాయంత్రమే పాఠం మొదలైంది.

వేళ్ళు పెట్టడం రెండు నెలల్లో పట్టుబడింది. కొరుకుడు పడనిది నడక. "సమంగా కొట్టొద్దవ్వా, ఒకటి సాగాల, ఒకటి కురచగా పడాల" అని సాహిరా చెబుతూనే ఉండేది. వెంకటశేషమ్మ కొడితే మటుకు రోకలి పోటు పడ్డట్టు సమంగా పడేది. చోటే సాహెబ్ భార్య ఆమినాబీ బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విని, "పాట బాగానే ఉండాదక్కా, కాకపోతే పోలీసోళ్ళ కవాతు మాదిరుండాది" అనేది.

గడువు దగ్గరపడేకొద్దీ సాధన పెరిగింది. తీగలు నొక్కీ నొక్కీ ఎడమ చేతి వేళ్ళ కొసలు నల్లబడి పొట్టు లేచాయి. తీగలు మీటీ మీటీ కుడి బొటనవేలు బొబ్బలెక్కింది. ఆ చేత్తో చేపల పులుసు కలుపుకుంటే నిప్పు తగిలినట్టుండేది, సగం తిని లేచేది. తెల్లవారకముందే లేచి పెరట్లో చీపురు కట్ట మెడ పట్టుకుని వేళ్ళాడిస్తూ, ఒకటీ రెండూ అని గొణుక్కుంటూ తిరిగేది.

ఇవన్నీ పద్మనాభయ్య చూస్తూనే ఉన్నాడు. ఆయన చూపు ఎలాంటిదో చెప్పుకోవాలి. పదిహేనేళ్ళుగా రొయ్యల్ని పెంచుతున్న మనిషి. రొయ్య మూలగదు, చెప్పుకోదు. దాని ఆరోగ్యం తెలియాలంటే చెక్ ట్రే అని ఒక వల తట్టలో మేత వేసి నీళ్ళలోకి దించి, కాసేపయ్యాక పైకెత్తి చూడాలి. మేత మిగిలిందంటే రోగం మొదలైనట్టు. పెళ్ళాన్ని నోరు తెరిచి "ఒంట్లో ఎట్టుండాది" అని అడిగే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. అందుకని పది రోజులుగా ఆమె కంచం చూస్తున్నాడు. కంచంలో అన్నం సగానికి సగం మిగులుతోంది. రోగమొచ్చిన రొయ్య తెల్లవారుజామున గట్టు వారకు చేరి తిరుగుతుంది, ఈమే తిరుగుతోంది. దాని తోక కొసలు నల్లబడతాయి, ఈమెకు వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. తనకు తెలిసిన వైద్యం తను మొదలుపెట్టాడు. రొయ్యల మేతలో కలిపే విటమిన్ పొడి రోజూ చిటికెడు ఆమె మజ్జిగలో వేసేవాడు. మజ్జిగ రుచి మారిపోయిందని ఆమె పాలామెతో రెండుసార్లు తగువు పెట్టుకుంది.

బుధవారం గుంట దగ్గరికి వెళ్ళాక ఇక ఉండబట్టలేక రొయ్యల మందుల టెక్నీషియన్ నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు. ఆయనకు తెలిసిన వైద్యుడు అతనొక్కడే. పెళ్ళాం సంగతని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరి సంగతో చెప్పకుండానే మొదలుపెట్టాడు.

"మేత సగం వదిలేస్తుండాది నరేంద్రా. తెల్లారకముందే తిరుగుతుండాది. కొసలు నల్లబడి పొట్టు లేస్తుండాది."

"ఎన్ని దినాల్నించన్నా?"

"పది దినాలు."

"పది దినాలు ఊరకుండినావా? ఇంక గంట కూడా ఆగబాకన్నా. చెయ్యాల్సింది నేను చూస్తా."

గంట కూడా ఆగొద్దన్న మాట తరువాత పద్మనాభయ్యకు ఇంకేమీ వినపడలేదు. ఆమెను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మోటారు సైకిలెక్కి ఇంటికి వెళ్ళాడు. ఇంటికి తాళం. జాకెట్టు కొలతకు పోయిందని పక్కింటి పెంచలమ్మ చెప్పింది. ఈ ఒంటితో ఎనిమిదో జాకెట్టు తొడుక్కోవాలని ఎంత ఆశపడుతోందో పిచ్చిది అని ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బండి ఇందుకూరుపేట వైపు తిప్పాడు.

నరేంద్రబాబు ఆ సమయానికి తోటపల్లి గూడూరులో ఉన్నాడు. అక్కడి నుంచే పద్మనాభయ్య పక్క గుంట పెంచలకృష్ణకు ఫోన్ చేసి, అన్న గుంటకు రోగం తగిలింది, నీ కాలవ తూము మూసుకో అన్నాడు. రోగం కాలవ నీళ్ళ వెంట పోతుంది, మనుషుల కాళ్ళ వెంట పోతుంది. పెంచలకృష్ణ తూము మూసి, రెండు బస్తాల బ్లీచింగ్ పౌడరు ఉమ్మడి గట్టు పొడవునా చల్లి, కాలవ కింద ఆరుగురికి కబురు చేశాడు. ఆ ఆరుగురూ మూసి, చల్లి, ఇంకో ఆరేసి మందికి చేశారు. నరేంద్రబాబు పంపిన ఐసు లారీ వచ్చింది, వలలతో పదిమంది దిగారు. పోయే రొయ్యలు పోగా మిగిలినవైనా వెంటనే పట్టి అమ్మితే దక్కుతాయని అతని ఉద్దేశం, చెడ్డవాడేం కాదు. గంట తిరక్కముందే గట్టు ముగ్గు పోసినట్టు తెల్లబడింది, దాని మీద తిరునాళ్ళంత జనం చేరారు. లేనిది గుంట యజమాని ఒక్కడే, బండి మీదున్న ఆయనకు ఫోన్ మోత వినపడలేదు.

కబురు చోటే సాహెబ్ ఇంటికీ చేరింది. ఆమినాబీ ఫోన్ పక్కన పెట్టి, "అక్కా, మీ గుంట పోయిందంట, వల దించుతుండారంట" అంది. వెంకటశేషమ్మ ఉన్నది ఉన్నట్టు లేచింది. మెడలో గిటారుందని కూడా చూసుకోలేదు. దానికి పట్టీ చోటే సాహెబే కుట్టాడు, ఆమె పాత కంచి చీర అంచుతో, జరీ ఇంకా మెరుస్తూనే ఉంది. సాహెబే టీవీఎస్ బండి తీశాడు. వెనక ఒక పక్కకు కూర్చుని, వీపున గిటారు వేలాడేసుకుని ఆమె కాలవ గట్టు దారిన వెళ్ళిపోతుంటే నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. అదే సమయానికి పద్మనాభయ్య రోడ్డు దారిన దర్జీ ఇంటికి చేరాడు. గుంట దగ్గరికి పరుగెత్తిందన్నా అని ఆమినాబీ చెబితే, మిగతా మాట వినకుండానే, నీళ్ళ దగ్గరికి ఎందుకు పరుగెత్తిందో అని ఆయన బండి వెనక్కి తిప్పాడు.

ఆమె చేరేసరికి పెంచలకృష్ణ ఏరియేటర్ల స్విచ్చులు కట్టేస్తున్నాడు. అవి తిరుగుతుంటే వలవాళ్ళు దిగలేరు. మబ్బు పట్టి గుంటలో గాలి చాలని రోజు కావడంతో పొద్దున్నుంచి నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. మూడు ఆగాయి. అవతలి మూలనున్న కుంటిదానికి స్విచ్చు వేరే ఉంది, దాని దాకా ఇంకా ఎవరూ వెళ్ళలేదు.

"వదినా, కాళ్ళకు బ్లీచింగు పూసుకోని రాండి" అన్నాడు పెంచలకృష్ణ.

ఆమె పూసుకుంది. పూసుకుని వెళ్ళి వలకు అడ్డంగా నిలబడింది. "ఆయన రాకుండా గుంటలో కాలు పెట్టినారంటే ఊరుకునేది లేదు" అంది. గిటారు రెండు చేతుల్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వలవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడు వచ్చాడు పద్మనాభయ్య. తెల్లటి గట్టును, లారీని, జనాన్ని చూసి నోరు తెరిచి, "ఏందిరా ఇది, గుంటకేమైంది?" అన్నాడు.

"నువ్వే గదన్నా నరేంద్రకు చెప్పినావు, మేత తినలేదని" అన్నాడు పెంచలకృష్ణ.

పద్మనాభయ్య నేల చూశాడు. "నేను చెప్పింది గుంట సంగతి కాదు, మీ వదిన సంగతి" అన్నాడు.

అప్పుడే చేరిన నరేంద్రబాబు ఎందుకైనా మంచిదని చెక్ ట్రే పైకెత్తాడు. మేత గింజ మిగలలేదు. ఒక రొయ్యను వెలుతురుకు పట్టి చూస్తే పేగు నిండుగా నల్లటి గీతలా ఉంది. "వీటికేం రోగం లేదన్నా" అన్నాడు. గట్టు మీదున్న వాళ్ళంతా ఒక్కసారి వెంకటశేషమ్మ వైపు తిరిగారు.

"నేను రొయ్యనా?" అంది ఆమె.

పద్మనాభయ్య ఇంక మొగమాటపడలేదు. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, "చూడు నరేంద్రా, ఎట్టయినాయో" అని చూపించాడు. అంతమందిలో మొగుడు చెయ్యి పట్టుకోవడం ఆమెకు అదే మొదలు. శుక్రవారం పాయసంతో పాటు చెప్పాలనుకున్న మాట బుధవారమే, బ్లీచింగు వాసనలో చెప్పాల్సి వచ్చింది.

"రోగం కాదు. తీగలు కోసుకున్నాయి. అప్పుడు నేను ఆపమన్నానే వసారాలో, ఆ పాట నేర్చుకుంటుండా."

అప్పటికి గాని ఆయన ఆమె మెడలో ఉన్నది ఏమిటో చూడలేదు. చూశాక పట్టీకున్న జరీ అంచును వేలితో తడిమాడు.

"ఏదీ" అన్నాడు చివరికి.

లారీవాళ్ళు ఐసు పెట్టె ఒకటి బోర్లించారు. ఆమె కూర్చుని మొదలుపెట్టింది. కవాతే పడింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ కవాతే. పద్మనాభయ్య ముఖంలో ఏమీ తెలియడం లేదు, పాట గుర్తుపట్టినట్టే లేడు. పెంచలకృష్ణ దగ్గాడు. మూడు నెలలూ, ఏడు జాకెట్లూ, ముప్పై ఎనిమిదేళ్ళూ ఇంతేనా అని ఆమె చేతులు ఒళ్ళో పడేసింది.

అప్పుడు అందరూ ఊరుకోవడంతో అవతలి మూలనుంచి ఆ చప్పుడు వినిపించింది. టప్పా, టప్. టప్పా, టప్. విరిగిన రెక్క దగ్గర కాస్త సాగి, తరువాతి రెక్క తొందరపడి, కుంటుతూ, నవ్వుతూ తిరుగుతోంది. రోజూ క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఆమె తిట్టుకున్న చప్పుడే. ఒకటి సాగాల, ఒకటి కురచగా పడాల. ఆమె బొటనవేలు తనంతట తాను వెళ్ళి ఆ నడక మీద పడింది.

పాట నడిచింది. పద్మనాభయ్య తెల్లటి గట్టు మీద పంచె సంగతి మరిచి చతికిలబడ్డాడు. సగానికి వచ్చేసరికి ఈల అందుకున్నాడు, ముప్పై ఎనిమిదేళ్ళు వాడకపోయినా ఈల తుప్పు పట్టలేదు. నరేంద్రబాబు చెక్ ట్రే మీద వేలితో తాళం వేశాడు. అయిపోయాక వలవాళ్ళలో ఒకాయన "ఇంకోసారి" అన్నాడు.

"ఆ రెక్క విరిగిన కాడ్నించి నాకు ఆడ కూచుంటే ఆ పాటే వినపడేది" అన్నాడు పద్మనాభయ్య మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేట్టు. "అందుకే నువ్వు రాజ్ కుమార్‌కు ఫోన్ చేసినప్పుడల్లా, వెనకాలే నేను చేసి రెక్క ముట్టబాకని చెప్తుండినా."

ఆమె ఏమనేదో గాని, సరిగ్గా అప్పుడే మెకానిక్ రాజ్ కుమార్ కొత్త రెక్క చంకలో పెట్టుకుని గట్టు మీద ఆయాసపడుతూ ప్రత్యక్షమయ్యాడు. తను రాకపోవడం వల్లే గుంటకు గాలాడక రోగమొచ్చిందని దారి పొడవునా ఏడుస్తూ వచ్చాడట. వెంకటశేషమ్మ పొద్దున ఆయనకు కట్టిచ్చిన మజ్జిగ అతనికి ఇచ్చి, రెక్క జోలికి పోవద్దని చెప్పి పంపేసింది.

నాలుగు నెలలుగా భార్యకు వస్తానని, భర్తకు రెక్క ముట్టనని చెబుతూ వచ్చిన రాజ్ కుమార్, వచ్చి ఏమీ చేయకుండా వెళ్ళి, ఇద్దరికిచ్చిన మాటా ఒకేరోజు నిలబెట్టుకున్నాడు.