మంచం గోడకు శిలాఫలకం

దేశంలో మరెక్కడా లేని విధంగా, గోడలోంచే సామానంతా దిగివచ్చే ఇళ్లు పేదలకు ఇస్తున్నామని మంత్రిగారు ఉప్పల్ సభలో ప్రకటించారు. నాచారంలో బిస్కెట్లు ప్యాకింగ్ చేస్తూ చిల్కానగర్‌లో రేకుల గదిలో అద్దెకుంటున్న మల్లవ్వకే మొదటి ఇల్లు వచ్చింది. అంతటి దూరదృష్టి గల నాయకుడు దొరకడం ఆమె అదృష్టం.

ఇల్లు నూట ఎనభై చదరపు అడుగులు. గొళ్లెం తీస్తే గోడలోంచి మంచం దిగుతుంది. ఎత్తేస్తే దాని అడుగునే భోజనాల బల్ల. ఇరవై ఏళ్లుగా నేల మీదే పడుకున్న మల్లవ్వ, ఇల్లు చూపించిన రోజు మంచాన్ని మూడుసార్లు దింపి మూడుసార్లు ఎత్తింది. కడుపు నిండిపోయింది.

ప్రారంభోత్సవానికి వారం ముందు ఇంజనీరు సుధీంద్ర టేపు పట్టుకొచ్చాడు.

"ఏంది సారూ, మల్ల కొలుస్తున్నరు?"

"శిలాఫలకానికమ్మా. రాయి లేకుండా ప్రారంభోత్సవం ఎలా?"

ప్రోటోకాల్ ప్రకారం పేర్లు ఇరవై మూడు. కార్పొరేటర్ దుర్గేష్ తలుపు తీస్తే తన అక్షరాలు రోడ్డు మీదికి కనిపించాలన్నాడు. కార్పొరేటర్ అక్షరం పెరిగితే మంత్రిగారి అక్షరం ఊరుకోదు కదా! రాయి ఏడడుగులైంది. అంత రాయి పట్టే గోడ ఆ ఇంట్లో ఒక్కటే, మంచం గోడ.

"మంచం దీసేస్తె నేనేడ పండాలె?"

"తీసేయడం కాదమ్మా, ఫేజ్ టూలోకి మార్చాం."

పేర్లకు పొగ తగలకూడదని పొయ్యి గట్టు కూడా ఫేజ్ టూలోకి వెళ్లింది.

"పోనీ తీ, సాప ఏసుకుంట. తాళంచెయ్యి ఇయ్యుండ్రి," అంది మల్లవ్వ.

"ఎట్లిస్తమవ్వా? మంత్రిగారి పేరు దిక్కు కాళ్లు జాపుతవ్ గదా!" అన్నాడు దుర్గేష్.

"తల గటు వెట్టుకుంట బిడ్డా."

"రాయికి నూనె మరక అంటది."

మంత్రిగారు తెర లాగారు, చప్పట్లు కొట్టించుకున్నారు, వెళ్లిపోయారు. రాయి భద్రత కోసం ఇంటికి తాళమేసి, తాళంచెవి ఆఫీసులో పెట్టారు.

మల్లవ్వకు ఏడుపొచ్చింది. మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఆఫీసుకు పోయి, ఇంకో ఇల్లన్నా ఇవ్వమని సుధీంద్రను బతిమాలింది. ఆయన ఎంతో ఓపికగా ఫోన్‌లో ఉన్న శిలాఫలకం ఫోటో తెరిచి, చిట్టచివరి వరుసను పెద్దది చేసి చూపించాడు.

"చూడమ్మా. 'లబ్ధిదారు: మల్లవ్వ.' ఇల్లు ఇచ్చేసినట్టు రాతి మీదే ఉంది. ఒకరికి రెండిళ్లు ఎలా ఇస్తాం?"

మల్లవ్వకు చదువు రాదు. "గిదేనా సారూ నా పేరు?" అంటూ వేలితో తడిమింది.

ఫోటో కిందికి జరిగి, మంత్రిగారి పేరు వచ్చింది.