మల్లి కంటిరెప్పపై నవీనుని దండయాత్ర

వినుడో జనులారా! చెవులలోని ఇయర్‌ఫోన్లు క్షణము తీసి వినుడు! మదనపల్లె మార్కెట్టుయార్డున టమాటాపర్వతములు ఉదయభాను బింబమును వెక్కిరించు వేళ, శుక్రవాసరమున, రాహుకాలమింకను గడప తొక్కని శుభఘడియలందు, సోమలనుండి పుంగనూరుకు పోవు త్రోవలో, నారాయణమ్మ గొడ్లపాక యెదుట జరిగిన మహాసంగ్రామమును వినిపించెదను. ఇందులో రక్తము లేదు. పేడ మాత్రము కొంచెము గలదు.

ఆ రణరంగమున నిలిచిన వీరుడెవడు? మదనపల్లె నివాసి, నారాయణమ్మ చెల్లెలి మనుమడు, నవీనుడు! మెడలో డిజిటల్ కెమెరాను, దాని మూతికి ఫిలిముకాలమునాటి లెన్సును ధరించినవాడు. తనంతట తానే గురి చూచుకొను ఆటోఫోకస్సును సోమరుల సొత్తని ఈసడించి, రింగును స్వహస్తాంగుళులతో త్రిప్పి గురి కుదుర్చుటయే వీరధర్మమని నమ్మినవాడు. ఆ నమ్మకము పుణ్యమా అని చుట్టాల పెండ్లిండ్లన్నియు పొగమంచులో జరిగినట్లు చూపిన ఘనుడు! అయినను వానిని పిలువక ఎవరిని పిలుతురు, ఇంటివాడాయె.

పిలిచిన కార్యమేమందురా? నారాయణమ్మ చేతులలో పుట్టి పెరిగిన పుంగనూరు పొట్టి పెయ్య మల్లి, క్షీరఫేనధవళ, జానెడు కొమ్ములకు మూరెడు పొగరుగలది, కుప్పములోని కూతురు భారతి యింటికి పాడికై ఆనాడే తరలిపోవుచున్నది. పోకముందు దానితో ఒక్క ఫొటో కావలెనని నారాయణమ్మ కోరిక. టెంపో సిద్ధముగా నుండెను.

“యాలప్పా ఇంత యవ్వారం? నా ఫోన్లో టక్కన కొట్టేస్తా,” అనె టెంపో డ్రైవరు తిప్పేస్వామి.

“వొద్దప్పా. పోయినేడు మనవరాలి బొమ్మలన్నీ ఫోన్తో పాటే బాయిలో పడినాయి. నాకు గోడకు పటంగా ఉండల్ల,” అనె నారాయణమ్మ.

అంతట నవీనుడు లెన్సును తుడిచి, “ఓ కాచగోళమా! నీవు పుట్టిననాటికి నేను లేను. నేను గిట్టుదాక నిన్ను వీడను! నేడీ ధవళధేనువు కన్ను మసకబారెనా, కెమెరాను కట్టిపెట్టి మేనమామ టమాటామండీలో గంపలు మోయుదును గాక!” అని మనమున గర్జించి, పైకి మాత్రము “అవ్వా, రోంత కదలొద్దు,” అనె.

మీట నొక్కగానే కెమెరా తెరపై ‘లెన్సు లేదు’ అని వ్రాసి చూపెను. ఎదుట కొండంత లెన్సుండగా, పాతకాలపుదని పోల్చుకొనక ఆ మాట! కడుపు మండదా, మీరే చెప్పుడు! పండ్లు కొరికి, సెట్టింగుల అరణ్యమున జొరబడి, లెన్సు లేకున్నను ఫొటో కొట్టుమని దానికి ఆజ్ఞాపించి, వీరుడు మరల నిలిచెను.

మొదట లెన్సు కన్నును బార్లా తెరచెను. అట్లు తెరచిన గురి యెచ్చట కుదిరెనో చక్కగా తెలియును గాని, తేటగా కనబడు మేర తమలపాకు మందమే! మల్లి ఊపిరి పీల్చగా కన్ను పోయె, విడువగా ముట్టె వచ్చె. పిమ్మట తెరపై బొమ్మను పదింతలు పెంచెను. కన్నుకై వెదకగా కొమ్ము దొరికె, కొమ్మునుండి జారగా చెవి దొరికె, చెవి విదిలింపగా లోకమంతయు గిర్రున తిరిగె. ఆపై, తేటపడిన అంచులందు ఎర్రగీతలు మెరపించు దివ్యాస్త్రమును ప్రయోగించెను. అయ్యో! ఎండకు కనులు మూసి నెమరువేయుచున్న ఆ తెల్లని ముఖమున ఒక్క గీతయు లేదు; వెనుకనున్న గడ్డివాము మాత్రము పెండ్లియిల్లువలె ధగధగలాడె.

తుదకు రింగును కదపక, తానే ముందుకు వెనుకకు ఊగుచు గురి కుదుర్పబూనెను.

“ఏందప్పా, ఊగతాండాడు? సామి పూనినాడా?” అనె తిప్పేస్వామి.

ముందుకు వంగినవానిని మల్లి ఎదురేగి పలుకరించి, లెన్సు ఆమూలాగ్రము నాకిపెట్టెను. నవీనుడు చొక్కాకొసతో తుడువగా మసక మరింత చిక్కనయ్యె. తిప్పేస్వామి హారను మ్రోగించి, “అమ్మా, రాహుకాలం వస్తాండాది. ఎక్కించల్ల!” అని కేకవేసెను.

“ఉండప్పా, ఇంగ రోంతసేపు!” అని నారాయణమ్మ బతిమాలెను. అంతలోనే నవీనుని వైపు తిరిగి, “ఒరే నాయనా, అంత పెద్ద గాజుకన్నుతో ఇంతసేపు సూస్తాండావే, నా బిడ్డకు దిష్టి తగలదా?” అని లోపలికి పరుగెత్తి, అట్లపెనము అడుగున మసి వ్రేలికద్దుకొని వచ్చి, మల్లి కంటి క్రింద బొట్టు పెట్టెను.

ఆ చేతి స్పర్శకు మల్లి కన్ను తెరచెను! తెలుపుపై నలుపు పడినంతనే తెరమీద ఎర్రగీతలు చిటపటలాడెను! బొట్టుకు అంటుకొని మెరసిన ఆ గీతలను వెంబడించి, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత ముందుకు వంగి, నవీనుడు మీట నొక్కెను.

తెరపై బొమ్మను ముగ్గురును వంగి చూచిరి.

“నేను యాడుండానప్పా?”

“మల్లి పక్కన ఆ తెల్లమబ్బుండాది సూడవ్వా... అది నువ్వే,” అని నవీనుడు తల వంచెను. తిప్పేస్వామి పకపక నవ్వెను.

నారాయణమ్మ మాత్రము నవ్వలేదు. తెరను కన్నులకు దగ్గరగా తెచ్చుకొని, “పోనీలేప్పా. నా మొగం దినామూ అద్దంలో ఉండాది. పొయ్యేది ఇది గదా. ఇది తేటంగుంటే సాలు,” అని కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

టెంపో కుప్పము దారి పట్టెను. జయము! జయము! దిక్కులారా వినుడు! కొమ్ములు దొరకలేదు, చెవులు దొరకలేదు, అవ్వ దొరకనే లేదు. మల్లి యెడమకంటి రెప్ప మాత్రము, వెంట్రుక వెంట్రుకతో సహా, నారాయణమ్మకు దక్కెను!