చల్లని గూటి మీద మిరపకాయలు

మనిషికి చల్లని ఇల్లు కట్టించడం నగరపాలక సంస్థ బాధ్యత. ఆ ఇంట్లోకి మనిషి రావడం మాత్రం సాంకేతిక సమస్య.

బాధ్యత వరకు సంస్థ ఏ లోటూ చేయలేదు. ఊరి చివర, పత్తి చేలకు ఆనుకుని, 'చల్లని గూడు' పథకం కింద నిధులిచ్చి చిన్న చిన్న ఇళ్లు కట్టించింది. వేడిని లోపలికి రానివ్వని గోడలు, ఎండను తిప్పికొట్టే తెల్లని డాబాలు. కరెంటు ఖర్చు చాలా తక్కువ. (కొన్నింటికి మీటరే బిగించలేదు కాబట్టి మరీ తక్కువ.) అందులో ఒకటి రిటైరైన లెక్కల మాస్టారు ఎలీషా గారికి వచ్చింది.

ఆయన అప్పటికి రేకుల గదిలో అద్దెకు ఉంటున్నారు. భార్య సంతోషకుమారి ఉన్నన్నాళ్లూ తడిపిన దుప్పటి కిటికీకి కట్టి మధ్యాహ్నాలు గట్టెక్కించేది. ఆమె పోయాక ఆయనే తడుపుకుంటున్నారు గానీ, అంత చల్లగా రావడం లేదు. నిరుడు వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో పడ్డారు. ఇంకో రోహిణీ కార్తె రేకుల కింద గడిపితే పూచీ తనది కాదని డాక్టరు చెప్పేశాడు.

కొత్తింట్లోకి మారాలంటే 'నివాస యోగ్యత' అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేది డ్రోను. పైనుంచి ఫోటో తీస్తుంది. డాబా తెల్లగా కనిపిస్తే ఇల్లు చల్లన, ఎర్రగా కనిపిస్తే ఇల్లు మంట. ఈ నియమం రాసినవారు మహా మేధావులే గానీ, మిరప సీజన్లో శుభ్రమైన డాబా ఖాళీగా కనిపిస్తే ఈ ప్రాంతం వాళ్ల చేతులు ఊరుకోవని వారికి తెలియదు.

పక్కింటి పేరమ్మకు అనుమతి ముందే వచ్చేసింది. (ఆమె అదృష్టం, అప్పట్లో డ్రోను వానాకాలంలో వచ్చింది.) ఏడాది కారానికి కాయలు ఎండబోస్తూ, తన డాబా నిండాక మిగిలినవి మాస్టారి డాబా మీద పోసింది. డ్రోను వచ్చింది, చూసింది, 'ఇల్లు మండుచున్నది' అని నమోదు చేసుకుని వెళ్లింది.

మండుతున్న ఇంటికి సంస్థ ఫైరింజను పంపలేదు. పద్ధతి ప్రకారం ఒక అధికారిని పంపింది. ఆయన అదనపు ఉపశీతల పర్యవేక్షకుడు సురేంద్ర. లోపల అడుగు పెట్టగానే మొహం విప్పారింది.

"ఎంత చల్లగా ఉందండీ మాస్టారూ! మా ఆఫీసులో ఏసీ కూడా ఇట్లా పనిచెయ్యదు."

"ఆ ముక్కే రాయి బాబూ."

"రాద్దామంటే యాప్‌లో గడి లేదండి. పైన తెలుపైతే లోపల చల్లన, పైన ఎరుపైతే లోపల మంట. అంతే." ఫోను మీద వేలు జరుపుతూ పోయాడు. "ఆఁ, దొరికింది! మిర్చి ఉంది, చల్లగా ఉంది. కోల్డ్ స్టోరేజీ!"

ఆనందంగా నొక్కేశాడు. కోల్డ్ స్టోరేజీలో మనుషులు నివసించరాదని ఆ ఫోనే వెంటనే గుర్తు చేసింది.

"నా కాయలు నేను ఎత్తుకుంటాలేవయ్యా," అంది గుమ్మంలో నిలబడ్డ పేరమ్మ.

"కుదరదమ్మా. నమోదైన సరుకు. ధర వచ్చేదాకా కదపకూడదు."

"ఇంట్లో తినే కారానికి ధరేంటి? ఏ ఊరయ్యా నీది?"

"పొన్నూరమ్మా."

"అదీ సంగతి! వరి మడుల్లో పెరిగినోడికి మిరపకాయ ఏం తెలుసుద్ది?"

మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. "బాబూ, మనుషులు కూడదందిగా నీ ఫోను. మరి ఏం ఉండొచ్చు?"

"సరుకు ఉండొచ్చండి."

"అయితే నన్ను సరుకు కింద రాసుకో."

సురేంద్ర నిబంధనలన్నీ వెతికాడు. ఎక్కడా అడ్డు లేదు. "రకం చెప్పండి. మేలు కాయా, తాలా?" (రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు.)

పేరమ్మ మాస్టారి జుట్టు వంక చూసింది. "కనపడటంలా? తాలు రాయి."

"పేరమ్మా!"

"మీరుండండి మాస్టారూ. మేలు కాయని రాస్తే ఎవడో వచ్చి బేరమాడతాడు. తాలైతే ఎవడూ అడగడు, హాయిగా పడుంటారు."

నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి అందులో తప్పు దొరకలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన మంచం, ట్రంకుపెట్టె, భార్య ఫోటో తెచ్చుకుని చేరిపోయారు. బయట తారు కరుగుతోంది. గోడకు చెయ్యి ఆనిస్తే కుండను తాకినట్టుంది. పేరమ్మ పంపిన మజ్జిగ తాగి, దేవుడికి స్తోత్రం చెప్పుకుని నడుం వాల్చారు.

కన్ను అంటుకోబోతుండగా ఫోను మోగింది. సంస్థ నుంచి సందేశం:

'గౌరవ సరుకుదారు గారికి. తాలుకు ఈ ఏడాది కూడా మార్కెట్లో ధర లేదు. పాడయ్యేంత వరకు మీ సరుకు మా వద్ద భద్రం.'