ఏ పక్షమూ లేని మంద

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సూర్యాపేట దిక్కున మబ్బు కమ్ముకుంది, మిర్యాలగూడ దిక్కున ఎండ కాస్తోంది. నడుమ ఉన్న తుమ్మలకుంట మీద వానా లేదు, ఎండా లేదు. పటేలు రామనర్సయ్య అరుగెక్కి ఆ ఆకాశాన్ని మెచ్చుకున్నాడు. డప్పు కొట్టించి, ఊరంతా పోగయ్యాక ప్రకటించాడు.

"ఇయ్యాల్టి సంది మన ఊరు తటస్థం. ఎవ్వరి పక్షం గాదు."

అది నలభై ఎనిమిది వానాకాలం. ఊరికి దక్షిణాన గుట్ట, దాని మీద కమ్యూనిస్టుల దళం. ఉత్తరాన కోదాడ రోడ్డు, దాని మీద నిజాం సర్కారు క్యాంపు. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి. పెద్ద యుద్ధం నాడు సూర్యాపేటలో రైసుమిల్లు పాండురంగం సేటు రేడియోలో పటేలు ఒక సంగతి విని ఉన్నాడు. ఎవరి జోలికీ పోని దేశాలు కొన్ని, చుట్టూ బాంబులు పడుతున్నా మూడు పూటలా తింటున్నాయట. ఆ దేశాలకు తర్వాత ఏమైందో చెప్పేలోపు రేడియో బ్యాటరీ అయిపోయింది.

గుంపు వెనక గొంగడి కప్పుకుని కొమురయ్య నిలబడి ఉన్నాడు. ఆయనకున్న ఆస్తి గొర్రెల మంద ఒక్కటే. పగలు గుట్ట కింద మేపుతాడు. పొద్దుగూకితే రోడ్డు పక్క చెలకల్లో మంద పెడతాడు. గొర్రెల ఎరువు చెలకకు, చెలకవాళ్ళిచ్చే జొన్నలు ఆయనకు. మాట్లాడే అలవాటు తక్కువ. అయినా అడిగాడు.

"మరి మందనేడ తోలాలె పటేలా?"

"గుట్టకు తోల్తివా, గుట్టోళ్ళ పక్షమైతవ్. రోడ్డు చెలకల పెడ్తివా, రోడ్డోళ్ళ పక్షమైతవ్. నడుమ మేపు."

"నడుమ ఊరున్నది గద."

"ఊళ్ళెనే మేపు. తటస్థమంటే ఉత్తగనే ఐతదా? జర కష్టపడాలె."

గొర్రెలు కష్టపడ్డాయి. వారం తిరక్కుండా గుడిసెల చూరు గడ్డి అందినంత మేర పీకేశాయి.

"ఇంక నాలుగొద్దులైతే మన నెత్తి మీది ఎంట్రుకలు గూడ మేస్తయి. పోయి నీ పటేలుకు చెప్పరాదు?" అంది కొమురయ్యతో ఆయన పెళ్ళాం యాదమ్మ.

ఆయన చెప్పలేదు. ఈలోగా గుట్ట మీంచి ఇద్దరు దిగి ఒక గొర్రెను అడిగారు. పటేలు కొమురయ్య మందలోంచి మంచి పొట్టేలునే ఇప్పించాడు. ఇచ్చాక ఆలోచనలో పడ్డాడు. అటొకటి పోయి ఇటు పోకుంటే తరాజు ఒక దిక్కే వంగుతుంది కదా. అందుకని ఇంకొక గొర్రెను కొమురయ్య భుజాన వేయించి, తానే ముందు నడిచి క్యాంపుకు పోయాడు. ఇంత న్యాయంగల పటేలు ఈ తాలూకాలో మరొకడు లేడని దారి పొడుగునా ఆయనే చెప్పాడు.

క్యాంపు జమేదారు తలెత్తి చూశాడు. "మేం అడగలే గద?"

"అడగకున్నా ఇచ్చుడే తటస్థం జమేదార్ సాబ్. గుట్టోళ్ళకిచ్చి మీకియ్యకుంటే ఎట్ల?"

"గుట్టోళ్ళకిచ్చిన్రా?" జమేదారు లేచి నిలబడ్డాడు.

"తటస్థులు అబద్ధమాడరు సాబ్. ఇచ్చినం."

"ఏమిచ్చిన్రు?"

"పొట్టేలు."

"వాళ్ళకు పొట్టేలు, మాకీ ముసల్దా?"

మర్నాడు క్యాంపుకు రెండు పొట్టేళ్ళు పోయాయి. అది విని గుట్ట మూడడిగింది. తరాజు ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగుతుంటే పటేలుకు ఎవరికీ తట్టని లోపమొకటి తట్టింది.

"ఇద్దరికి పెట్టి మనం తినకుంటే, మనకు మనమే వ్యతిరేకమైతం!"

వెంటనే తటస్థ రక్షణ దళం ఏర్పడింది. పటేలు బామ్మర్ది నర్సింహ కెప్టెన్. కర్రలు, వడిసెలలు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు. కూర మాత్రం కొమురయ్య మందలోంచి.

మిగిలిన గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం కొమురయ్య ఎవరికీ చెప్పకుండా వాటిని వాగు దాటించాడు. అవతల రేగులకుంట. గడ్డి మోకాలెత్తు ఉంది. గొర్రెలు తలెత్తకుండా మేశాయి.

అయితే రేగులకుంట కూడా తటస్థమైపోయింది. తుమ్మలకుంటను చూసి అక్కడి పటేలు తులసీరాం కూడా డప్పు కొట్టించాడు. ఆయన మనుషులు మందనంతా తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టి కబురు పంపారు: "మా తటస్థ గడ్డిని మీ ఊరు మేసింది."

రామనర్సయ్య తెల్లజెండా ముందు పట్టించి తన తటస్థ దళంతో వాగు మీదికి పోయాడు.

"మీకంటె ముందు తటస్థమైంది మేము!" అని ఈ ఒడ్డునుంచి అరిచాడు.

"ముందైతేంది? మీరు పొట్టేళ్ళిచ్చి తటస్థమైన్రు. మేమెవ్వరికీ బొచ్చు గూడ ఇయ్యలే!" అన్నాడు తులసీరాం.

వడిసెలలు తిరిగాయి. మొదటి రాయి నర్సింహ నుదుటికి తగిలింది. ఆ తర్వాత ఎవరి రాయి ఎవరికి తగిలిందో చెప్పడం కష్టం.

సరిగ్గా అప్పుడే అల్లంత దూరాన రోడ్డు మీద యూనియన్ మిలిటరీ లారీలు కోదాడ నుంచి సూర్యాపేటకు పోతున్నాయి. క్యాంపు ఖాళీ అయిపోయింది, జమేదారు చెప్పులు కూడా వదిలేసి పోయాడు. రాళ్ళు ఏరుకోవడంలో పడి రెండూళ్ళవాళ్ళూ అటు చూడలేదు. ఒక లారీ ఆగింది. ఆఫీసరు దిగి, ఇందులో ఎవరు ఎవరి పక్షమని అడిగాడు.

"రెండు దిక్కులా తటస్థులే సార్," అన్నాడు పక్కనున్నవాడు, విచారించుకుని వచ్చి.

ఆఫీసరు టోపీ తీసి, చెమట తుడుచుకుని, టోపీ పెట్టుకున్నాడు. లారీ వెళ్ళిపోయింది.

మర్నాడు తలలకు కట్లు కట్టుకుని ఇద్దరు పటేళ్ళూ సంధికి కూర్చున్నారు. గొర్రెలు తుమ్మలకుంటవి, వాటి కడుపులోని గడ్డి రేగులకుంటది. చాలాసేపు వాదించుకుని తీర్మానానికి వచ్చారు.

"గొర్లు మావీ గావు, మీవీ గావు. తటస్థం," అన్నాడు రామనర్సయ్య. తులసీరాం తల ఊపబోయి, కట్టు పట్టుకుని ఆగాడు.

"నావి గద పటేలా," అన్నాడు కొమురయ్య.

"ఇంతమంది సంధికి కూసున్నంక నువ్వొక్కనివి ఒక పక్షం మాట్లాడితె ఎట్ల కొమురయ్యా?"

ఆ సాయంత్రం వాగు ఇసుకలో పొయ్యిలు తవ్వారు. రెండూళ్ళూ ఎదురెదురు బంతుల్లో కూర్చున్నాయి. కొమురయ్యను చేయి పట్టి తెచ్చి కూర్చోబెట్టి, అందరికన్నా ముందు ఆయనకే వడ్డించారు. యాదమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మగవాళ్ళ బంతిలోంచి లేవమని ఎవరూ అనలేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, కొమురయ్య తల వంచుకుని ముద్ద కలిపాడు. యాదమ్మ తన ఆకులోని ముక్కలు ఒక్కొక్కటే తీసి ఆయన ఆకులో వేసింది. బొక్కలు కొరికే చప్పుడు రెండు బంతుల్లోనూ సమానంగా వినిపించింది.