చదువొస్తే బస్సులు త్వరగా వస్తాయి

అక్షరాస్యత పెరిగితే సిటీ బస్సులు త్వరగా వస్తాయి. నవ్వకండి. ఋజువుంది.

నేను ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాల కార్ఖానాలో మున్షీని. రాతకోతలన్నీ నావే. నాది వానాకాలం చదువే అయినా, మొన్నటిదాకా అక్కడ చదువొచ్చినవాణ్ని నేనొక్కణ్నే. కరెంటు బిల్లయినా, మందుల అట్టయినా నా దగ్గరికే తెచ్చేవారు. నేనూ తాపీగా కళ్లజోడు వెతుక్కునేవాణ్ని.

మా సేటు వైకుంఠం బుర్రలోకి ఎవరు ఎక్కించారో, కార్ఖానాలోనే వయోజన విద్య క్లాసు పెట్టించాడు. రోజూ భోజనాలయ్యాక.

ఎంత మేలు జరిగిందనుకున్నారు! ఇదివరకు మావాళ్లకు గోడంటే గోడే. ఇప్పుడు "ఇక్కడ మూత్రం పోయరాదు" అన్నది చదివి, రాతలేని గోడ కోసం మూడు సందులు నడుస్తున్నారు. ఒంటికి వ్యాయామం కాదూ?

ఆరని విగ్రహానికి నేను "పచ్చి రంగు, ముట్టరాదు" అని అట్ట తగిలిస్తాను. చదువు రాని రోజుల్లో రంగులు వేసే కైలాసం నన్ను అడిగి ముట్టేవాడు. మొన్న చదివి ముట్టాడు. ఎర్ర వినాయకుడి బొజ్జ మీద అయిదు వేళ్లూ దిగాయి.

"గిదేందిరా?"

"పచ్చ రంగు ముట్టొద్దని మీరే రాసిర్రు గద, మున్షీ సాబ్. గిది ఎర్రగుంది."

దేవుణ్ని చేసే చేతికి గుడి కనబడలేదు! సేటు కోప్పడతాడనుకున్నాను. "పోనీ సాబ్, చదివిండు గద. గదే మస్తు," అన్నాడు.

ఇక బస్సు సంగతి. విగ్రహాలకు కళ్లు దిద్దే లీలమ్మది ఛత్రినాక. బోర్డు చదవడం రాదు కనుక సాయంత్రాలు స్టాపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. బస్సు వచ్చినప్పుడల్లా "మనదేనా సాబ్?" అనేది. "కాదు" అనేవాణ్ని. మళ్లీ కోడలి కథ అందుకునేది. నా భార్య పోయాక మా ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. అది కోడళ్ల గురించి ఇంత బాగా చెప్పదు.

నిన్న నేను కళ్లజోడు తీసేలోపే లీలమ్మ మొదటి బస్సు బోర్డు వైపు చూసి, "ఛ... త్రి... నా... క" అని కూడబలుక్కుని లేచింది.

"ఇన్నొద్దులు ఎంత సేపటికీ రాకపోతుండె సాబ్. నాకు చదువొచ్చినంక బస్సులు సుత మంచిగైనయ్," అని ఎక్కేసింది. కిటికీలోంచి నవ్వింది కూడా.

అదీ ఋజువు. ఆ క్లాసు కనిపెట్టిన మహానుభావుడికి దండం పెట్టాలి. దూరం నుంచి.

నేను మాత్రం చీకటి పడేదాకా స్టాపులోనే కూర్చున్నాను. నా బస్సు రాలేదు. రాదు కూడా. మా ఇల్లు ఆ స్టాపు వెనక సందులోనే.